గద్ద కంటి మీద జీడిచుక్క

ఇరవయ్యెనిమిదేళ్లలో చాకలి సన్నిబాబు చేతి మీదుగా ఒక ఇంటి బట్ట ఇంకో ఇంటికి వెళ్లలేదు. తుపానుకి గోస్తని పొంగి రేవు కొట్టుకుపోయిన ఏడాది కూడా వెళ్లలేదు. అలాంటిది ఆ మంగళవారం పంతులుగారి పంచె పోస్టుమాస్టరమ్మ ఇంటికీ, పోస్టుమాస్టరమ్మ చీర పంతులుగారి ఇంటికీ వెళ్లిపోయాయి. పంతులుగారి భార్య ఆ చీర పట్టుకుని నేరుగా వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"ఇదెవరిదే రత్నం? నాది కాదు. మా అత్తగారిది కాదు. మా ఆయన బట్టల మధ్యలోంచి తీశాను. ఆయన ముఖం చూడు, ఒట్లు పెట్టలేక చచ్చిపోతున్నాడు!"

నూకరత్నం చీర అందుకుని, అంచు లోపలికి తిప్పి చూసింది. రెండు చుక్కలు, కింద అడ్డగీత. పోస్టుమాస్టరమ్మదే. గుడ్డివాడు కూడా తడిమి చెబుతాడు.

"తప్పైపోనాది అమ్మగోరూ. పంతులుగోరు సత్తెకాలపు మనిసి, ఆరి మీద అనుమానం ఎట్టుకోకండి" అని సాగనంపి, లోపలికొచ్చి మొగుడి నోరు వాసన చూసింది.

"తాగినావా మావా?"

"నేదే."

"మరేటి?"

సన్నిబాబు తువ్వాలు ఒకటి తీసి, మూల తిప్పి చూపించాడు. "సుక్క కనబడతంది. గీత కనబడతంది. ఎవులిదో రాట్లేదు. ఎంత సూసినా..." గొంతు తగ్గించాడు. "అన్నీ గద్దనాగే ఉంతన్నాయే రత్తం."

చాకలి గుర్తు అంటే తెలియనివాళ్ల కోసం ఒక మాట. నల్లజీడి గింజను సూదితో పొడిస్తే రసం వస్తుంది. ఆ రసంతో బట్ట లోపలి అంచున చుక్కో గీతో పెట్టి, మీద సున్నం రాస్తారు. ఇక అది పోదు. బట్ట చిరిగినా గుర్తు మిగులుతుంది. ఇంటికో గుర్తు. వాళ్లిద్దరూ ఉతికేది మూడొందల పదిహేను ఇళ్లకి. ఆ మూడొందల పదిహేనూ ఏ పుస్తకంలోనూ లేవు, బుర్రలో ఉన్నాయి. చదువు లేదని నవ్విన ఊరు ఆ బుర్రల్ని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. అది వేరే సంగతి. చాకలివాడి సొంత బట్టకి మాత్రం గుర్తుండదు. అందరివీ పంచేశాక మిగిలినవే వాళ్లవి.

గద్ద ఎక్కడిది అంటే, స్టేడియానిది.

మూడేళ్ల కిందట రేవు ఉన్నచోట బేస్‌బాల్ స్టేడియం లేచింది. గుండ్రటి కర్రతో తెల్ల బంతిని కొట్టి, నాలుగు మూలలూ చుట్టి ఇంటికొస్తే పరుగు. దేశమంతా ఎనిమిది జట్లు, ఈ వైపుది గోస్తని గద్దలు. రేవు తీసుకున్నందుకు బదులుగా చాకలోళ్లు పదిమందికి స్టేడియం లాండ్రీలో పని ఇచ్చారు. నూకరత్నాన్ని మేస్త్రీ చేశారు. పొద్దున్న ఊరి బట్టలు, మధ్యాహ్నం నుంచి సాధన చేసే ఆటగాళ్ల జెర్సీలు. ఈ ఏడాది కొత్త జెర్సీలు వచ్చాయి, గుండెల మీద గద్ద. రెక్క వంచి, గోళ్లలో ఎర్రకుట్టు బంతి పట్టుకుని, ఒంటికన్నుతో చూస్తుంటుంది. మొదటిరోజు దాన్ని చూసినవాళ్లంతా ఒకే మాట అన్నారు: కళ్లు తిప్పుకోబుద్ధి కావడం లేదు అని. పొగడ్త అనుకున్నారు.

మర్నాడు లాండ్రీలో అన్నాల దగ్గర నూకరత్నం ఊరికే అడిగినట్టు అడిగింది.

"ఒలే ఎర్రమ్మా, నీకేటైనా మతిమరుపుగా ఉందేటి?"

ఇస్త్రీ బల్ల ఎర్రమ్మ ముద్ద మింగకుండా ఆగింది. "నీకెలగ తెలిసింది? మొన్న బస్సు నెంబరు సూసి ఎక్కినాను. ఎక్కడో తేలినాను. నవ్వుతారని సెప్పనేదు."

పక్కనున్న సింహాద్రి గొణిగాడు. వాడికి మందుబిళ్లల రేకుల్లో పొద్దుటిదేదో రాత్రిదేదో తెలియడం లేదట. పెళ్లాన్ని అడిగి మింగుతున్నాడు. నాలుగోవాడు లక్ష్మునాయుడు కళ్లు దించేసుకున్నాడు.

సన్నిబాబుతో కలిపి ఇస్త్రీ చేసేవాళ్లు నలుగురు. నలుగురికీ ఉంది. ఉతికేవాళ్లు ఆరుగురు. ఒక్కరికీ లేదు. ఇది తేలడానికి పెద్ద చదువు అక్కర్లేదు. జెర్సీ ఉతికేటప్పుడు కుట్టు పాడవకుండా లోపలిది బయటికి తిప్పుతారు. ఉతికేవాళ్లకి కనబడేది గద్ద వెనకభాగం, ముళ్లూ దారాలూ చిక్కుపడ్డ బొంత. ఇస్త్రీవాళ్లకి ఎదురుగా గద్ద. రోజుకి ఎనభై జెర్సీలు, ఒక్కో గద్ద మీద పలచటి గుడ్డ పరిచి, నలగకుండా, చూపు తిప్పకుండా నొక్కాలి.

నూకరత్నం చెయ్యి కడుక్కుని లేచింది. పది తువ్వాళ్లు మూటగట్టి, మొగుణ్ణి వెంటబెట్టుకుని రెండో అంతస్తుకి ఎక్కింది. అక్కడ తనూజ ఉంటుంది.

తనూజ ఇంజినీరు. గద్దని ఆమె గీయలేదు, ఆమె యంత్రం గీసింది. నాలుగువేల మంది కళ్ల ముందు లక్ష గద్దల్ని తిప్పి, చూపు ఆగినదాన్ని ఉంచి, ఆగనిదాన్ని పారేసి, ఉంచినదాన్ని మళ్లీ మార్చి చూపించి, రెండేళ్లకి ఈ ఒక్క గద్దని తేల్చింది. అచ్చు వేస్తే దానికి జీవం ఉండదు. దాని బలమంతా కుట్టులో ఉంది. దారం వాలిన తీరు అలాంటిది. వెలుగు కదిలితే గద్ద కన్ను చూసేవాడి వైపు తిరుగుతుంది. రోజూ పొద్దున్నే తనూజ భూతద్దంతో లాండ్రీకి వచ్చి ఒక్కో గద్దనీ పరీక్ష చేసేది. ఒక్క పోగు లేచి ఉన్నా ఆ జెర్సీని కత్తెరతో రెండు ముక్కలు చేసేది. "ఒక్క పోగుకే సచ్చిపోద్దా అమ్మా ఈ పిట్ట?" అని నూకరత్నం ఒకసారి అడిగితే, "చచ్చిపోతుందండీ. కన్ను దగ్గరైతే మరీను" అని నవ్వింది.

ఇప్పుడు తువ్వాళ్లు బల్ల మీద పరిచి, నూకరత్నం సన్నిబాబుని ఒక్కొక్కటే అడిగింది. పదింటికి పదీ తప్పాడు.

తనూజ మెత్తగా చెప్పబోయింది. "వయసు వచ్చేకొద్దీ రత్నం గారూ..."

"నీకెంత అమ్మా వయసు?"

"ముప్ఫై ఒకటి."

"ఇది సూడు. మూడు సుక్కలు వరసగా, పక్కన నిలువుగీత. కరణంగోరిది. గురుతెట్టుకో." టీ వచ్చింది. తాగారు. నూకరత్నం తువ్వాళ్లు కలిపేసింది. "ఇప్పుడు తియ్యి. కరణంగోరిది."

తనూజ నవ్వుతూ చెయ్యి చాపింది. చెయ్యి గాలిలో ఆగింది. ఒకటి తీసింది. కాదు. ఇంకోటి తీసింది. కాదు. మూడోది తీయలేదు, కుర్చీలో కూలబడింది. రోజూ భూతద్దం పెట్టి మరీ చూసిన మనిషి కదా.

తువ్వాళ్లు పక్కకి నెట్టి చెప్పింది. "బుర్రలో గుర్తులకి ఒక అర ఉంటుందండీ. అక్షరాలు, అంకెలు, మీ చుక్కలు, అన్నీ అందులోనే సర్దుకుంటాయి. ఇది వచ్చి ఆ అరలో..."

"కాళ్లు బారసాపుకుని తొంగుంది."

"అవును. పది నిమిషాలు చూసినవాళ్లకి ఏమీ కాలేదు. ఇలా రోజూ చూసేవాళ్ల మీద మేం పరీక్ష చెయ్యలేదు."

"ఎందుకు సేత్తారు? ఇస్త్రీవోళ్లు మీ కళ్లకి ఆనితే కదా. పోనాయి తిరిగొస్తాయా?"

"పాతవి రావేమో. గద్దని చూడకుండా ఉంటే కొత్తవి నిలబడొచ్చు. తెలీదు. నిజంగా తెలీదండీ."

సన్నిబాబు ఇదంతా విననట్టు గోడకి వేలాడే జెర్సీ వైపు చూస్తున్నాడు. అతని ముఖం పాలు తాగిన పిల్లాడిలా ప్రశాంతంగా ఉంది. నూకరత్నం లేచి ఆ జెర్సీని గోడ వైపు తిప్పేసింది.

మేనేజరు కిరీటి ఏసీ గదిలో విన్నాడు. మంచినీళ్లిచ్చాడు. మర్యాదస్థుడు. "చూడమ్మా, ఒకసారి మా గద్ద మనసులో కూర్చుంటే ఇంకో జట్టు బొమ్మ అక్కడ ఎక్కదు. మేం డబ్బు పోసి చేయించుకున్నదే అది. వందలో నలుగురికి కాస్త ఇబ్బంది ఉండొచ్చని ముందే అనుకున్నాం."

"ఇస్త్రీ బల్ల కాడ నలుగురికి నలుగురూ బాబూ."

"కళ్లద్దాలు ఇప్పిద్దాం. కంపెనీ ఖర్చుతో."

"అద్దాలెందుకు బాబూ, ఆడికి బాగా కనబడతంది. అదే కదా మీరు సేసిన పని."

కిరీటి నవ్వాడు. మూడు వారాల్లో ఈ ఏటి మొదటి ఆట. ఇరవై వేల సీట్లు. సీటుకో టోపీ ఉచితం, టోపీ ముందు కుట్టుగద్ద. ఊళ్లో ప్రతి పిల్లాడూ ఆ టోపీ పెట్టుకునే బడికి వెళ్లాలని, పక్కవాడు రోజంతా ఆ గద్దని చూడాలని అతని కోరిక. పలక మీది అక్షరం ఏ అరలో కూర్చుంటుందో అతనికి పట్టలేదు.

నూకరత్నం ఆ రోజే మొగుణ్ణి ఇస్త్రీ మాన్పించింది. కూలి పోతే పోయింది. మిగిలిన ముగ్గురినీ ఉతుకుడుకి మార్చింది. ఇస్త్రీ ఎవరు చేస్తారంటే, వంతులు. గద్ద మీద మందపాటి గోనెపట్టా పరిచి, చూడకుండా చేత్తో తడిమి. ఇంట్లో ఒక కొత్త పని పెట్టుకుంది. తమ ఇంటికి ఎప్పుడూ లేని గుర్తు ఒకటి కల్పించింది. ఏటవాలు గీత, పైన చుక్క, కింద చుక్క. బట్టలారేసే తాడు, అటు నువ్వు, ఇటు నేను అని చెప్పింది. సన్నిబాబు తువ్వాలుకి జీడి పెట్టి, రోజూ పొద్దున్నే చూపించేది.

"ఎవులిది మావా?"

"గద్ద."

"తాడు. అటు నువ్వు, ఇటు నాను. మనది."

మర్నాడు మళ్లీ "గద్ద."

పదకొండో రోజున ఆమె బిందె ఎత్తుకుంటుంటే సన్నిబాబు ఆమె ముంజేయి పట్టుకున్నాడు. అక్కడ పచ్చబొట్టు. తేలు. పెళ్లైన ఏడాది శంబరలో జాతరకి వెళ్లినప్పుడు అతనే కూచోబెట్టి పొడిపించాడు. ఆమె ఏడుస్తుంటే వేరుశనక్కాయలు ఒలిచి నోట్లో పెట్టాడు.

"ఎప్పుడేయించుకున్నావే ఈ గద్దని?" అన్నాడు. సరదాగానే అన్నాడు.

నూకరత్నం బిందె కింద పెట్టేసింది. ఏడవలేదు. ఏడుపు వచ్చే చోట ఇంకేదో వచ్చింది. చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని, సైకిలు మీద పోయే సింహాద్రిని కేకేసింది. "ఒరే, తొమ్మిదూళ్ల చాకలోళ్లకీ కబురెట్టు. శుక్రోరం పొద్దున్న లాండ్రీకి రమ్మను. మనిసికో సూది, దోసెడు జీడిగింజలు. టోపీలు ఆవిరి పట్టాలి, మనుసులు సాల్లేదని మేనేజరుబాబుకి నాను సెప్పుకుంతాను."

టోపీలు గోనెల్లో వచ్చాయి, నలిగి, వంకర్లు పోయి. ఆవిరి పట్టి, నిలబెట్టి, సీట్ల మీద పెట్టాలి. శుక్రవారం డెబ్భైమంది వచ్చారు. ముసలీ ముతకా, బాలింతరాలు కూడా. రేవు పోయాక అంతమంది ఒక్కచోట చేరడం అదే మొదలు. నూకరత్నం బాన బోర్లించి దాని మీదెక్కి నిలబడింది.

"టోపీ లోపలినించి ఎత్తండి, మొకం సూడకండి. తిప్పి, ఏలితో తడిమి, కన్ను మీద ఒక్క సుక్క. ఆవగింజంత. సున్నం అద్దీసి పక్కనెట్టీయండి. సేతులకి కొబ్బరినూని రాసుకోండి, జీడి పొక్కుద్ది."

"రత్తమ్మా, జైల్లో ఎడతారేమోనే?" అని ఒక ముసలమ్మ అడిగింది.

"ఎడితే అక్కడా బట్టలు ఉంతాయి అత్తా. ఉతుకుదాం."

నవ్వులు. పని మొదలైంది. ఒక ఊరి ముసలాయన సగంలో సూది ఆపి, "సూడకుండా ఎలాగే, సూస్తే ఏటవుద్దో ఒకసారి..." అన్నాడు. అతని పెళ్లాం వీపు మీద ఒక్కటి చరిచింది. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. శుక్రవారం, శనివారం. వేళ్లు పొక్కాయి. శనివారం ఎండ వాలకముందే చివరి గోనె అయింది. ఆటగాళ్ల జెర్సీలకి మాత్రం నూకరత్నం తనే పెట్టింది, ఒక్కదాన్నీ ఎవరికీ ఇవ్వలేదు.

అప్పుడు తనూజ భూతద్దంతో వచ్చింది. ఒక టోపీ తీసింది. అద్దం కంటికి ఆనించింది. గద్ద కన్ను మీద నల్లచుక్క. అద్దాన్ని జేబులో పెట్టుకుని, అట్ట మీది కాగితం తిప్పి, "అన్నీ బాగున్నాయి" అని సంతకం చేసింది. చేసి, నూకరత్నం వైపు చూసింది, ఒక మంచిమాట కోసం.

"ఒక్క సంతకానికి కడిగీసుకుపోదమ్మా" అంది నూకరత్నం. "మిగిలిన కాయితాలు కూడా తియ్యి. నువ్వు కొలిసినవన్నీ. తీసి నలుగురి ముందూ ఎట్టు. అప్పుడు సూద్దాం."

ఆదివారం మధ్యాహ్నం ఇరవై వేలమంది టోపీలు పెట్టుకుని కూర్చున్నారు. గద్దలు మైదానంలోకి పరిగెత్తాయి. పై గదిలో కిరీటి తెర ముందు నిలబడ్డాడు. జనం చూపులు ఎక్కడ ఆగుతున్నాయో ఆ తెర మీద ఎర్రచుక్కలుగా పడతాయి. అన్నీ గద్దల మీద గుంపులు కట్టాలి. కట్టలేదు. ఎర్రచుక్కలు అటూ ఇటూ పరిగెడుతున్నాయి. పక్క సీటాయన మీద పడుతున్నాయి, శనగల పొట్లం మీద పడుతున్నాయి, పిల్ల ముక్కు మీద పడుతున్నాయి.

"ఏం చూస్తున్నారు వీళ్లు?" అని అరిచాడు.

తెర నడిపే ఆపరేటరు దగ్గరికి వంగి చూశాడు. "బంతిని చూస్తున్నారు సార్."

కిరీటి లాండ్రీలోకి దిగేసరికి నూకరత్నం బాన కడుగుతోంది. అతను టోపీ ఆమె ముఖం మీదికి విసిరాడు.

"ఎవరిదీ పని?"

"నాదే బాబూ."

"బ్లీచ్ పెట్టు! ఏం పెడతావో పెట్టు! సాయంత్రానికి ఈ మచ్చ పోవాలి!"

"జీడి పోదు బాబూ. బట్ట సిరిగినా పోదు. ఆ మాట మీకు రేవు తీసుకున్ననాడు ఎవులూ సెప్పనేదా?"

సోమవారం పొద్దున్న స్టేషన్. కంపెనీ ఆస్తి పాడుచేసినట్టు ఫిర్యాదు. ఎస్సై కొత్తవాడు, చిన్నవాడు. బయట చెట్లకింద డెబ్భైమంది కూర్చుని ఉంటే లోపల అతనికి చెమట పడుతోంది.

"వేరేవాళ్ల బట్టల మీద మరకలు పెట్టడం నేరం కాదామ్మా?"

"మీ కాలరు లోపల సూసుకోండి బాబూ. మూడు సుక్కలు, తోక. నానే ఎట్టినాను. ఆ కేసు కూడా ఇందులోనే రాసీండి, కాయితం కలిసొస్తాది."

రైటరు పక్కకి తిరిగి దగ్గాడు. ఎస్సై చెయ్యి తెలియకుండానే కాలరు మీదికి పోయింది. "మాటలు సరే. ఆ కంపెనీ ఇంజినీరమ్మ కూడా ఏవో కాగితాల కట్ట పట్టుకొచ్చి బయట కూర్చుంది. అవన్నీ తర్వాత చూస్తాం. ముందు నువ్వు చేశావని ఒప్పుకున్నట్టు ఇక్కడ వేలిముద్ర వెయ్యి."

"ఒప్పుకుంతాను. ఏలిముద్ర ఎయ్యను."

"సంతకం వచ్చా?"

"ఏలిముద్ర ఏటీ రానోళ్లకి బాబూ. నాకు మూడొందల పదిహేనొచ్చు. ఆ పెన్నిలా ఇవ్వండి."

పెన్ను తీసుకుంది. పొక్కిన వేళ్లతో గట్టిగా పట్టుకుంది. ఏటవాలు గీత. పైన చుక్క. కింద చుక్క. ఎవరి బట్టకో కాదు, మొట్టమొదటిసారి తన పేరు పెట్టాల్సిన చోట.

"ఏమిటిది?" అన్నాడు ఎస్సై.

గుమ్మంలో జామీను కాగితం పట్టుకుని సన్నిబాబు నిలబడి ఉన్నాడు. లోపలికి వచ్చి, బల్ల మీదికి వంగి చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. నూకరత్నం నోరు విప్పలేదు. తను అందివ్వకూడదు, అతనికే గుర్తు రావాలి.

"తాడు" అన్నాడు సన్నిబాబు. వేలితో పైచుక్కని తాకాడు, కిందచుక్కని తాకాడు. "బాబూ, ఇది మాదే."

నూకరత్నం కొంగుతో ముఖం ఒకసారి గట్టిగా తుడుచుకుని లేచింది.

"నడు మావా బేగి. ఊరి బట్టలు నానెట్టే ఉన్నాయి. ఒకటొచ్చింది కదా, ఇంక మూడొందల పదిహేనే."